నేలబొగ్గు, అణువు, ఎండ

సికిందరాబాదునుండి బెజవాడకు పోయే రైలులో కూర్చున్నవారికి జనగామ, కాజీపేట, వరంగల్లు, మానుకోట అని జనం పిలిచే మహబూబాబాదు, ఆపైన డోర్నకలు వరుసగా వస్తాయి. డోర్నకలు చిన్న ఊరే. అయినను అక్కడ రైలుమార్గం చీలి ఒక కొమ్మ తూర్పువైపుకు పోతుంది. ఆ కొమ్మను ప్రయాణికులకోసం వేయలేదు. రాక్షసిబొగ్గుకోసం వేశారు.

ఇల్లందు ప్రాంతంలో బాటసారులెవరో మూడు నల్లరాళ్ళు పొయ్యిగా పెట్టి వంట చేసుకొంటూ ఉండగా కట్టెలతోపాటు రాళ్ళుకూడా మండినవని అక్కడివారు చెప్పుకొంటారు. కథ మాట ఎట్లా ఉన్నా, 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు ఆ ప్రాంతంలో బొగ్గుపొరలను గుర్తించి లోకానికి తెలియజేశాడు. ఈనాటికీ సింగరేణి గనుల్లో ఒక పొర పేరు కింగు పొర. దానికి జోడుగా మరొక పొరకు క్వీను పొర అని పేరు పెట్టారు!

బొగ్గు ఉన్నదని తెలిసినంతమాత్రాన అది పొయ్యిలోకి రాదు. దానిని మోసే బండి కావలె. 1886లో రైలు జనగామ మీదుగా వరంగల్లు చేరింది. 1888లో డోర్నకలునుండి ఇల్లందు గనులకు మార్గం పడింది. మరుసటి సంవత్సరం ప్రధానమార్గం బెజవాడను అందుకొన్నది. అంటే బెజవాడకంటె ముందుగా గనికే రైలు పోయింది. గని తవ్వే హక్కు 1886లో లండనులో పుట్టిన హైదరాబాదు దక్కను కంపెనీకి దక్కింది. ఆ హక్కు దక్కిన తీరుమీద, వాటాల అమ్మకం మీద ఎంత అల్లరి జరిగిందంటే, 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక విచారణ సంఘాన్ని నియమించవలసివచ్చింది. ఇంధనం విషయంలో లాభం ఎవరిది, నేల ఎవరిది అనే తగాదా ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

ఇల్లందులో బొగ్గు పైకి వస్తున్న ఆ దశాబ్దంలోనే, ఎక్కడో స్వీడను దేశంలో ఆర్హీనియసు అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఒక లెక్క కట్టాడు. బొగ్గు మండితే బొగ్గుపులుసుగాలి, అంటే కార్బన్ డయాక్సైడు పుడుతుంది. అది సూర్యుని వెలుగును నేలమీదికి రానిస్తుందిగాని, నేలనుండి తిరిగిపోయే వేడిని కొంత పట్టి ఉంచుతుంది. గాలిలో ఈ వాయువు పెరిగితే భూగోళం ఎంత వేడెక్కుతుందో ఆయన 1896లో గణించి ప్రకటించాడు. అయితే మానవుడు కాల్చే బొగ్గుతో ఆ వాయువు చెప్పుకోదగినంత పెరగడానికి వేల సంవత్సరాలు పడుతుందని ఆయన అనుకొన్నాడు. చలిదేశంవాడు గనుక కాస్త వెచ్చబడితే మంచిదేనని కూడ భావించాడు. జనగామ ఎండాకాలం ఆయన ఎరుగడు!

1958లో హవాయి దీవుల్లోని ఒక కొండమీద కీలింగు అనే శాస్త్రజ్ఞుడు గాలిని వరుసగా కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల భాగాల గాలిలో బొగ్గుపులుసుగాలి సుమారు 315 భాగాలు ఉన్నది. 2024 నాటికి అది 420 దాటింది. వేల సంవత్సరాలన్న మాట తప్పయిపోయింది.

కొలత మొదలైన ఆ రోజుల్లోనే మనదేశంలో అణుశక్తి చర్చకూడా సాగుతున్నది. అయితే అప్పటి చర్చలో వేడి ఊసు లేదు. ఉన్నది దూరం ఊసు. 1955 ఆగస్టులో జెనీవాలో ఐక్యరాజ్యసమితి జరిపిన మొదటి అణుశక్తి మహాసభకు హోమీ భాభా అధ్యక్షత వహించాడు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర అనే రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. దేశానికి అణువిద్యుత్తు ఎందుకన్న ప్రశ్నకు భాభా చెప్పిన జవాబుల్లో ముఖ్యమైనది ఇది: బొగ్గు దేశమంతటా సమంగా లేదు, గనులకు వందల మైళ్ళ దూరాన ఉన్న ప్రాంతాలకు దానిని రైళ్ళమీద మోయడం దండుగ, అటువంటి చోట్ల అణువిద్యుత్తు చవుకగా పడుతుంది. 1969లో మొదటి అణువిద్యుత్కేంద్రం బొంబాయికి ఉత్తరాన తారాపూరులో వెలిసిందంటే కారణం ఈ లెక్కే.

ఈ లెక్క ప్రకారం గోదావరిలోయకు రియాక్టరు రాకూడదు, రాలేదు. కాళ్ళకింద బొగ్గు ఉన్నది. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాలలో ఎక్కువభాగం కొన్నది. ఆ తరువాత కొత్తగూడెంలో, రామగుండంలో బొగ్గు విద్యుత్కేంద్రాలు లేచాయి. తెలంగాణ అణువును కాదన్నదని అనుకొనేవారు ఉన్నారు. నిజానికి మొదట్లో కాదనవలసిన అవసరమే రాలేదు.

కాని విచిత్రమేమిటంటే, రియాక్టరు రాని ఈ నేలే రియాక్టర్లకు వంటిల్లు అయింది. 1971లో హైదరాబాదులో అణుఇంధన సముదాయం ఏర్పడింది. యురేనియం బిళ్ళలను గొట్టాలలో అమర్చి దేశంలోని రియాక్టర్లకు పంపే పని అక్కడ జరుగుతుంది. అంతకంటె విచిత్రమైనది డోర్నకలునుండి చీలిన ఆ బొగ్గుమార్గం చివర ఉన్నది. ఆ కొమ్మ కాలక్రమంలో కొత్తగూడెం మీదుగా మణుగూరుదాకా పెరిగింది. మణుగూరు దగ్గర, గోదావరి ఒడ్డున, 1991లో భారజల కర్మాగారం పని ప్రారంభించింది.

భారజలం సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేలలో దొరికే యురేనియంలో సులభంగా చీలే రకం నూటికి 0.7 వంతు మాత్రమే. అంత తక్కువ సరుకుతో చీలిక ఆగకుండ సాగాలంటే, చీలికలో వెలువడే న్యూట్రానులను నెమ్మదింపజేసే పదార్థం కావలె. అయితే అది వాటిని మింగివేయరాదు. మామూలు నీరు నెమ్మదింపజేస్తుంది గాని కొన్నిటిని మింగుతుంది. బరువైన ఉదజనితో కూడిన నీరు, అనగా భారజలం, మింగడం బహు తక్కువ. ప్రకృతిలోని నీటిలో సుమారు 6,700 ఉదజని పరమాణువులకు ఒక్కటి బరువైనది. ఆ ఒక్కదానిని ఏరడానికి మణుగూరులో నీటికి, కుళ్ళిన గుడ్డు వాసనగల గంధక ఉదజని వాయువుకు పొత్తు కుదురుస్తారు. చల్లని స్తంభంలో బరువు పరమాణువు నీటిలోకి చేరుతుంది. వేడి స్తంభంలో వాయువులోకి పోతుంది. ఇట్లా వేడి, చల్లదనం మార్చి మార్చి తిప్పుతూ కొద్దికొద్దిగా సాంద్రత పెంచుతారు. ఈ తిప్పటానికి ఆవిరి కుప్పలుతెప్పలుగా కావలె. ఆ ఆవిరి ఎక్కడిది? సింగరేణి బొగ్గుది. పొగ లేనిదని పేరుపొందిన అణువిద్యుత్తుకు నీళ్ళు కాచినది కూడ ఇక్కడి రాక్షసిబొగ్గే.

అణువుకు వ్యతిరేకత తరువాత వచ్చింది. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలండులోను, 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లోను జరిగిన ప్రమాదాలు అందరిని కలవరపెట్టాయి. ఆ దశాబ్దంలోనే నాగార్జునసాగరం దగ్గర అణువిద్యుత్కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ నీటిమీద బ్రతికేవారు అడ్డు చెప్పారు, కేంద్రం రాలేదు. భోపాలు విషవాయువు జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా దుర్ఘటన మళ్ళీ ఆ భయాన్ని లేపింది. 2019లో నల్లమల అడవిలో యురేనియం వెదకే ప్రయత్నం జరుగగా, శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

వాతావరణం మాట ఈ చర్చలోకి వచ్చినది 1992లో రియో డి జనీరోలో జరిగిన ఒప్పందం తరువాతనే. అప్పటినుండి ప్రశ్న మారిపోయింది. ఇదివరకు బొగ్గు దూరమా దగ్గరా అని అడిగినవారు, ఇప్పుడు యూనిటుకు ఎంత బొగ్గుపులుసుగాలి అని అడుగుతున్నారు. అంతర్జాతీయ వాతావరణ సంఘం 2014లో ప్రకటించిన అంచనాల ప్రకారం, గని మొదలు శిథిలం వరకు అన్నీ కలుపుకొని, ఒక యూనిటు విద్యుత్తుకు బొగ్గువలన సుమారు 820 గ్రాములు, పెద్ద సౌరకేంద్రంవలన సుమారు 48, అణువువలన సుమారు 12, గాలివలన సుమారు 11 గ్రాములు వెలువడుతాయి. బొగ్గుతో పోల్చితే మిగిలిన మూడింటికీ మధ్య తేడా లెక్కలోకి రాదు. అయినను తగవు ఆ మూడింటి మధ్యనే! 2001లో ధనికదేశాలు అణువిద్యుత్తువలన మిగిలిన పొగను తమ ఖాతాలో వేసుకొనకుండ ఉండవలెనని ఒప్పుకొన్నాయి. 2023 డిసెంబరులో దుబాయి సభలో ఇరవైకి పైగా దేశాలు అణుశక్తిని 2050 నాటికి మూడింతలు చేస్తామన్నాయి. అదే సభలో నూటికి పైగా దేశాలు ఎండ, గాలి మొదలైన తరగని వనరుల సామర్థ్యాన్ని 2030 నాటికి మూడింతలు చేస్తామన్నాయి. భారతదేశం ఆ రెండు ప్రతిజ్ఞలలో దేనిమీదా సంతకం చేయలేదు.

ఇక భూపాలపల్లి సంగతి. గణపసముద్రం చెరువు, కోటగుళ్ళు ఉన్న ఘనపురానికి సమీపంలో, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. దానిలో 500 మెగావాట్ల మొదటిదశ 2010లోను, 600 మెగావాట్ల రెండవదశ 2016లోను పని మొదలుపెట్టాయి. భూపాలపల్లికి రైలుమార్గం లేదు. బొగ్గు లారీలమీద వస్తుంది. తేదీలు చూడండి. ప్రపంచమంతా పొగ తగ్గించే మాట మాట్లాడుకొంటున్న కాలంలోనే ఈ కేంద్రం పుట్టింది. దానిని తప్పుపట్టడం సులభం. కాని 2014లో కొత్తరాష్ట్రం ఏర్పడేనాటికి కరెంటు కోతలు ఎట్లా ఉండేవో జనగామ రైతును అడిగితే చెబుతాడు.

1,100 మెగావాట్ల కేంద్రం ఒక రోజంతా నిండుగా నడిస్తే 264 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిటుకు ముప్పాతిక కిలోకు తక్కువ, అరకిలోకు ఎక్కువ బొగ్గు కావలె. మొత్తంమీద రోజుకు సుమారు 17 వేల టన్నులు. పుట్టే బొగ్గుపులుసుగాలి బొగ్గు తూకాన్ని మించుతుంది, ఎందుకంటే గాలిలోని ప్రాణవాయువుకూడా దానిలో కలుస్తుంది. ఇంతే విద్యుత్తు మన భారజల రియాక్టర్ల ద్వారా తీయాలంటే రోజుకు కావలసిన యురేనియం సుమారు అర టన్ను. అణుపక్షంవారు ఈ అంకె చూపించి ఊరుకొంటారు. ఆ అర టన్ను శుద్ధిచేసిన లోహం. కడప జిల్లా తుమ్మలపల్లిలోవలె లోహం బహు తక్కువగా ఉన్న రాయినుండి అంత తీయాలంటే వెయ్యి టన్నులకు మించి తవ్వి నూరాలి. మిగిలిన బురదను భద్రంగా ఎక్కడో నిలవచేయాలి. తమ బావులు చెడిపోయినవని అక్కడి పల్లెలవారు మొరపెట్టుకొన్నారు.

ఎండపక్షంవారి లెక్కకూడ చూడాలి. ఒక మెగావాటు సౌరఫలకాలు మన ప్రాంతంలో రోజుకు సగటున నాలుగున్నర వేల యూనిట్లవరకు ఇస్తాయి. చెల్పూరు కేంద్రం నిండుగా నడిచి ఇచ్చే యూనిట్లన్నీ ఎండనుండే రావాలంటే సుమారు 6 వేల మెగావాట్ల ఫలకాలు పరచాలి. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు చొప్పున 25 నుంచి 30 వేల ఎకరాలు. సింగరేణి సంస్థ భూపాలపల్లిలో స్థాపించిన సౌరకేంద్రం 10 మెగావాట్లది. చెల్పూరు యూనిట్లలో ఆరువందలవ వంతు! ఈ నేల ఎక్కడినుండి వస్తుంది? మహబూబాబాదు జిల్లా తూర్పు మండలాల్లో అడవి, పోడు చేలు ఉన్నాయి. అక్కడ పట్టా ఎవరిదన్న ప్రశ్నకే ఇంకా పూర్తిగా జవాబు లేదు. 2006 అటవీహక్కుల చట్టం కింద పట్టాకోసం తిరిగినవాడికి ఖాళీభూమి అనే మాట వినబుద్ధికాదు. గనులు తవ్వి పోసిన మట్టిదిబ్బలు, ఇండ్ల కప్పులు, కాలువల పై భాగం, జలాశయాల నీటిమీది పరపు ముందు లెక్కకు రావలె. 2022లో రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రం పూర్తి అయింది.

ధర విషయంలో ఎండ గెలిచిందనే చెప్పాలి. 2010-11లో కేంద్ర నియంత్రణమండలి సౌరవిద్యుత్తుకు నిర్ణయించిన ధర యూనిటుకు 17 రూపాయల 91 పైసలు. పదేండ్ల తరువాత, 2020 డిసెంబరులో, గుజరాతు వేలంలో అది 1 రూపాయి 99 పైసలకు దిగింది. అణువుకు అటువంటి అదృష్టం పట్టలేదు. కాక్రాపారులో మన ఇంజనీర్లే కట్టిన 700 మెగావాట్ల మొదటి రియాక్టరుకు 2010లో పునాది పడింది. అది వాణిజ్యస్థాయిలో నడవడం 2023 జూన్ చివరకుగాని సాధ్యపడలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు పెట్టాలన్న ఆలోచన 2008 అణు ఒప్పందం తరువాత పుట్టింది. ఊళ్ళు కదిలించే తగవు, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు ఇవ్వాలన్న తగవు ఏండ్ల తరబడి నడిచాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసి అణురంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరిచింది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణుసామర్థ్యం కావాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఇప్పటికి దేశపు విద్యుత్తులో అణువు వాటా నూటికి మూడు వంతులు మాత్రమే.

రెండుపక్షాలవారును చేసే పొరపాటు ఒక్కటే. వారు యూనిట్లను లెక్కపెడతారు, గంటలను లెక్కపెట్టరు.

జనగామ గట్టిరాతి నేల. నది పారదు. చెరువు ఎండితే బావి, బావి ఎండితే బోరు. ఎత్తుమీద ఉన్న ఈ ప్రాంతానికి దేవాదుల పథకంలో గోదావరి నీటిని మెట్టుమెట్టుగా మోటార్లతోనే ఎక్కించవలసివచ్చింది. వ్యవసాయానికి కరెంటు విడతలుగా ఇచ్చిన కాలంలో రాత్రి వంతు పడితే రైతు చీకట్లో మోటారు దగ్గరికి పోవలసివచ్చేది. తేలు, పాము, తడిచేతికి తగిలే తీగ - ఎందరి ప్రాణాలు పోయినవో. కరెంటు వచ్చినప్పుడు దానంతట అదే మోటారు తిరిగేటట్లు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకొన్నారు. 2018 జనవరి 1నుండి ఇరవైనాలుగు గంటలు ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలైన తరువాత, నీరు వృథాగా తోడకుండ ఆ స్టార్టర్లు తీసివేయండని అధికారులు బ్రతిమాలవలసివచ్చింది. యాసంగి వరికి నీరు పెట్టే రోజుల్లో రాష్ట్రపు వాడకం శిఖరానికి చేరుతుంది. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. ఆ మోటార్లు తిరగడానికి రాత్రి అక్కరలేదు. పొద్దెక్కినప్పుడు నీరు పారితే చాలును. ఎండ కాసే గంట, నీరు పెట్టే గంట ఒక్కటే గనుక జనగామ బోరుబావికి సూర్యుడే సరియైన ఇంజను. ఈ పనికి రియాక్టరు కట్టడం పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం.

సాయంత్రం ఏడుగంటలకు కథ మారుతుంది. ఫలకాలు చల్లబడతాయి. ఇండ్లలో దీపాలు, ఫంకాలు, పట్నంలో చలియంత్రాలు తిరుగుతాయి. ఇప్పుడు ఆ గంటను మోసేది చెల్పూరు వంటి బొగ్గుకేంద్రాలే. అణుపక్షంవారి బలం ఇక్కడ ఉన్నది: రియాక్టరు రాత్రీ పగలూ ఒకే తీరున నడుస్తుంది. కాని ఆ ఒకే తీరే మిట్టమధ్యాహ్నం దాని బలహీనత. ఎండవిద్యుత్తు పొంగివచ్చే వేళకు అది తగ్గదు. బొగ్గుకేంద్రాలకైతే 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికారసంస్థ నిబంధన పెట్టింది: అవసరమైనప్పుడు 55 శాతానికి, పోనుపోను 40 శాతానికి తగ్గి నడవగలగాలి. కొలిమిని అట్లా తగ్గించి హెచ్చించడం యంత్రానికి మంచిది కాదు, గొట్టాలు పగులుతాయి. అయినను అదే ఇప్పటి సర్దుబాటు.

పగటి ఎండను రాత్రికి దాచే సాధనం మనకు కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. అవి నీరు దిగేటప్పుడు విద్యుత్తు ఇస్తాయి. వెనుకకు తిప్పితే దిగువ నీటిని మళ్ళీ పైకి ఎక్కిస్తాయి. నాగార్జునసాగరంలోను అటువంటివి ఏడు ఉన్నాయి. వాటిని కట్టిననాటి ఊహ వేరు: రాత్రి బొగ్గుకేంద్రాలలో మిగిలిపోయే విద్యుత్తుతో నీరు ఎక్కించి పగటివేళ వాడుకోవాలని. ఇప్పుడు పగలు ఎక్కించి రాత్రి దించవలసిన రోజు వచ్చింది. యంత్రం అదే, గడియారం తిరగబడింది. అయితే దిగువన నీరు నిలిచి ఉంటేనే ఆ ఆట సాగుతుంది; కరువు సంవత్సరంలో కృష్ణలో ఆ నీరే ఉండదు. గోదావరిలోయలో బొగ్గు తవ్వి వదిలిన లోతైన గుంటలలో నీరు నింపి ఇట్లాగే వాడవచ్చునన్న ఆలోచన సింగరేణిలో ఉన్నది. బ్యాటరీల ధరకూడ పడిపోతున్నది. రాత్రి గంటకోసం పోటీ ఇకమీద రియాక్టరుకు ఎండకు మధ్య కాదు. రియాక్టరుకు, దాచిన ఎండకు మధ్య. ఆ పోటీలో ఎవరు ముందు చేరితే బొగ్గు స్థానం వారిది. పన్నెండేండ్లు పట్టే కట్టడం ఆ పరుగులో వెనుకబడుతున్నదని కాక్రాపారు చూపింది.

గనికార్మికుల లెక్క వేరే ఉన్నది. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. ఈ తగ్గుదలకు ఎండా కారణం కాదు, అణువూ కారణం కాదు; భూగర్భ గనులకు బదులు పైనుండి తవ్వే గనులు, పెద్ద యంత్రాలు వచ్చాయి. భూపాలపల్లి ఊరు గనుల జీతాలమీద పెరిగిన ఊరు. 10 మెగావాట్ల ఫలకాలను తుడిచి కాపలాకాయడానికి కొద్దిమంది చాలు. రియాక్టరుకు ఎక్కువమంది కావాలిగాని, గనిలో దిగిన మనిషి అందులో చేయగల పని తక్కువ.

2021 నవంబరులో గ్లాస్గో సభలో భారతదేశం 2070 నాటికి నికరపు పొగను సున్నాకు తెస్తామని మాట ఇచ్చింది. చెల్పూరుకు ఆవలి జిల్లాలో, రామగుండంలో, 62.5 మెగావాట్ల పాతకేంద్రం ఒకటి ఉండేది. అది 1971లో పుట్టి, 53 సంవత్సరాలు బొగ్గు మండించి, 2024 జూన్‌లో ఆగింది. చెల్పూరు రెండవదశకు కూడ అంతే ఆయుష్షు ఉంటే, అది ఆగే సంవత్సరం 2069.